ఆరంగుళాల వాటా

పన్నెండు వందల అడుగులన్నాడు సేల్స్ కుర్రాడు,
నున్నటి కాగితం మీద వేలు ఆనించి.
హొరమావులో పాలు పొంగించిన మర్నాడు
మురహరి టేపు పట్టి కొలిచాడు:
వంటగది, పడగ్గదులు, బట్టలారేసే బాల్కనీ,
తలుపు వెనక చీపురు నిలబడే సందు కూడా.
ఎనిమిది వందల నలభై.
మళ్లీ కొలిచాడు. టేపు మాట మార్చలేదు.

మిగతా మూడు వందల అరవై ఏదీ?
"సూపర్ బిల్టప్ మేడమ్" అంది ఫోను.
లిఫ్టులో ఉందట, మెట్లలో ఉందట,
జనరేటర్ గదిలో,
క్లబ్ హౌసులో ఎవరూ ఆడని క్యారమ్ బల్ల కింద ఉందట.
ఇరవై నాలుగు లక్షల నలభై ఎనిమిది వేలు,
చూపించలేని దానికి.
ఒప్పుకున్నాం. అప్పటికే సంతకాలు చేసిన చెయ్యి
ఒప్పుకోక ఏం చేస్తుంది?

నెలనెలా ఐదో తారీఖు
తెల్లారకముందే బ్యాంకు వచ్చి పోతుంది
చప్పుడు చెయ్యని పాలవాడిలా,
కాకపోతే పొయ్యడానికి కాదు.
యాభై ఆరు వేల ఎనిమిది వందల ఇరవై ఒకటి.
ఆ చివరి ఒక్క రూపాయి దేనికో
నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాగితంలో రాయని ధరలు వేరే ఉన్నాయి.
మురహరి కుడి దవడ పన్ను:
మూడేళ్లుగా ఎడమవైపే నములుతున్నాడు.
మార్చి నుంచి ట్యాంకరు నీళ్లు.
బకెట్టు నిండేలోపు నాలో మీటరు తిరుగుతుంది.
కావలి నుంచి అక్క వస్తానంటే
"ఇప్పుడొద్దులే, ఎండలు" అన్నాను.
ఎండలు కాదు.
బాణసవాడిలో అద్దెకున్నప్పుడు
కుళాయి గురించీ గేటు తాళం గురించీ
వీధి చివరిదాకా వినపడేలా ఓనరుతో పోట్లాడేదాన్ని.
ఇప్పుడు ఓనర్ని నేనే.
గొంతు ఎవరి మీద ఎత్తాలో తెలీదు.

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ నడుమ
మెట్లు మలుపు తిరిగే చోట
అంజినమ్మ కూతురు పల్లవి కూర్చుంటుంది,
బడి వదిలింది మొదలు
తల్లి ఆరిళ్ల గిన్నెలు తోమి వచ్చేదాకా.
పావగడ పిల్ల. కన్నడం బళ్లో, తెలుగు అమ్మతో,
లెక్కలు తనతో తనే.

ఆదివారం అసోసియేషన్ మీటింగులో
"కామన్ ఏరియా" అన్నారు, "సెక్యూరిటీ" అన్నారు,
"ఇవాళ ఒకరు, రేపు నలుగురు" అన్నారు.
నోరు తెరిచాను.
ఎదురుగా బోర్డు మీద మెయింటెనెన్స్ బాకీల జాబితా.
నాలుగో పేరు మాది.
బాకీ ఉన్నవాళ్లకి ఓటు లేదు.
తీర్మానం పాసయింది. టీ వచ్చింది.
తాగాను.

సోమవారం లిఫ్టు పనిచెయ్యలేదు. మెట్లెక్కాను.
అక్కడే ఉంది, దానికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.
వైశాల్యం పాఠమట.
చిన్న ప్లాస్టిక్ స్కేలుతో నేలనే కొలుస్తోంది
మోకాళ్ల మీద పాకుతూ.
"పొడుగు ఆరడుగులు, అడ్డం నాలుగు.
ఇరవై నాలుగు ఆంటీ! ఇది ఎవుర్ది?"
"అందరిదీ."
"అందరంటే ఎంతమంది?"
"తొంభై ఆరు ఇళ్లు."
పెన్సిలు కొరుకుతూ భాగించింది.
"అట్లయితే మీది పావు అడుగు."
స్కేలు ఆనించి ఒక గీత గీసింది,
తిప్పి ఇంకోటి, తిప్పి ఇంకోటి,
నాలుగోది కాస్త వంకరపోయింది.
ఆరంగుళాలు ఇటు, ఆరంగుళాలు అటు.

పదిహేడు వందల రూపాయలు.
ఇరవయ్యేళ్ల వడ్డీతో మూడున్నర వేలు దాటుతుంది.
మూడు వందల అరవైలో
నా కంటికి కనిపించింది ఇదొక్కటే.

కింద గార్డు బూట్ల చప్పుడు, పైకే వస్తోంది.
పల్లవి లేచి పుస్తకాలు గుండెకి హత్తుకుని
తొక్కుడుబిళ్ల ఆటలోలా
ఆ గడిలో ఒంటికాలి మీద నిలబడింది.
"ఇది మీదే కదా ఆంటీ, ఇక్కడుండొచ్చా?"

"ఉండు" అన్నాను.
మెట్లన్నీ తిరిగి అంతటా వినిపించింది,
అద్దెకున్న రోజుల్లోలా.